పేరు ముందరి మాట

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆ పేరు ముందు ఏం పెట్టాలి, వెనక ఏం పెట్టాలి అని తేల్చుకోవాలి. ఆ విషయంలో ఒకసారి నా నోరు జారింది. ముప్పై నాలుగేళ్లు మున్సిపాలిటీ బడిలో తెలుగు పిల్లలకు అక్షరాలు దిద్దించినదాన్ని, నా తప్పు మాత్రం దిద్దుకోలేకపోయాను. అందుకే ఈ నాలుగు మాటలు.

బొంబాయి కామాఠీపురాలో మా చాల్‌లో, అంటే ఒంటిగదుల వరస ఇళ్లలో, నా ఖోలికి ఎదురు ఖోలి ఆయనది. మధ్యలో ఇద్దరు పక్కపక్కన నడవలేని వరండా. నాలుగు నెలల కిందట ఆయన పోయారు. ఇప్పుడు ఆ తలుపుకి తాళం ఉంది, తాళం పైన చాల్ పడగొట్టబోయే బిల్డరు మనుషులు ఎర్రరంగుతో వేసిన నంబరు ఉంది. అయినా మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆ తలుపు వెనక నుంచి ఉలి చప్పుడు వినిపిస్తుంది. రెండు దెబ్బలు, కాసేపు ఆగి మళ్లీ ఒకటి. డాక్టరు చెవులు పరీక్ష చేయించుకోమన్నాడు. చేయించుకున్నాను. చెవులు భేషుగ్గా ఉన్నాయట.

సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కేవారు ఆయన. శివ్డీలో క్రైస్తవుల శ్మశానం దగ్గర ఒక రాళ్ల దుకాణంలో పని. తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరి కట్టడాలకు రాళ్లు మోశాడు. తండ్రి కూడా మోశాడు. వాళ్లింట్లో మోత వదిలి చెక్కుడు పట్టింది ఈయనే. అక్షరం ముక్క రాదు, ఏ భాషలోనూ రాదు. కాగితం మీద ఎట్లా గీసిస్తే అట్లా రాతిలోకి దింపేవారు. ఒక్క గీత అటూ ఇటూ పోయేది కాదు. చదువొచ్చినవాళ్లు చెక్కితేనే తప్పులొస్తాయని ఆయన లెక్క. వాళ్లు చదువుకుంటూ కొడతారు కదా, చెయ్యి కంటే కన్ను ముందు పరిగెత్తుతుందట. ఈ మాట ఒక టీచరు మొహం మీద అనడానికి ఎంత ధైర్యం ఉండాలో చూడండి.

ఆయన పని చేయడం ఒకసారి చూసినవాళ్లు మరిచిపోలేరు. పేరంతా కూర్చునే చెక్కేవారు, కానీ పేరు ముందరి మాట వచ్చేసరికి లేచి నిలబడేవారు. రాయిని ఇటుకల మీద ఎత్తుకుని, నడుము వంచి, ఆ రెండు మూడు అక్షరాలూ నిలబడే కొట్టేవారు. దుమ్మును నోటితో ఊదేవారు కాదు. అందరూ వాడే పాత గుడ్డతో తుడిచేవారు కాదు. భుజం మీది తన తువ్వాలుతో తుడిచేవారు. నడుం నొప్పి లేదా అని అడిగాను ఒకసారి.

“పేరు కూసోని కొట్టొచ్చు టీచరమ్మా. పేరు ముంగట మాట నిలవడి కొట్టాలె” అన్నారు.

చెక్కిన రాయిని తోపుడుబండి మీద శ్మశానానికి తీసుకుపోయేటప్పుడు పేరు ఆకాశం వైపు ఉండేట్టు పడుకోబెట్టేవారు. దారిలో రాయితో మాట్లాడేవారు. సారూ, ముంగట గుంత ఉన్నది, జెర కుదుపు అయితది, అనేవారు. మలుపు వస్తే మలుపని చెప్పేవారు. నేను కళ్లారా చూశాను, చెవులారా విన్నాను. మొదట్లో నవ్వొచ్చింది. తరవాత తరవాత ఆ బండి వెనక నడవాలంటే ఒళ్లు జలదరించేది, ఎందుకంటే చెప్పినాక ఆయన ఒక్క క్షణం ఆగేవారు, అవతలివాళ్లు సరే అన్నాకే ముందుకు తోసేవారు.

మా గల్లీలో ఆయన నోట మర్యాద లేని పిలుపు ఎవరూ వినలేదు. ఊడ్చేవాడిని సాహెబ్ అనేవారు. నల్లా దగ్గర జుట్లు పట్టుకునే ఆడవాళ్లను తాయీ, అక్కా అనేవారు. దారికి అడ్డం పడుకున్న మేకను కూడా అదిలించేవారు కాదు, “జరుగుండ్రి” అనేవారు. జనం వెటకారం చేసేవాళ్లు. ఆయనను మాత్రం అందరూ నువ్వే అనేవాళ్లు. మా వైపు మనుషులకు అది అగౌరవమేం కాదు, తండ్రినీ మేనమామనూ కూడా నువ్వే అంటాం. అయినా నేను మాత్రం మీరు అనేదాన్ని. గల్లీ మొత్తంలో ఆయనను మీరు అన్నది నేనొక్కదాన్నే. అన్న ప్రతిసారీ ఆయన మెడ కొంచెం నిటారు అయ్యేది.

ఈ మర్యాదల పిచ్చి ఎక్కడిదో ఒకనాడు ఆయనే చెప్పారు. వాళ్ల నాన్నకు బతికినన్నాళ్లూ పనిలో పేరు ‘ఏయ్’. ఏయ్ అంటే రావాలి, ఏయ్ అంటే ఎత్తాలి. పరంజా మీద నుంచి పడి ఆయన పోయిన రోజు కూలీల పెద్ద, ముకద్దం, వచ్చి, వీడి అసలు పేరేమిటి, కాగితంలో రాయాలి అని అడిగాడట. అప్పటికి ఈయన పెళ్లీడు మనిషి. తండ్రి పేరు చెప్పబోతే గొంతు దాటి రాలేదట. పక్కనున్న ఎవరో చెప్పారు. రాసుకుని వెళ్లిపోయాడు ముకద్దం. ఇదంతా ఆయన ఏడుస్తూ చెప్పలేదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పారు. అందుకే నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఆయన దగ్గర ఒక కాగితాల చుట్ట ఉండేది. శ్మశానంలో పాతరాళ్ల మీద ఎక్కడ పేరు ముందర ఏదైనా మాట కనిపించినా దాని మీద పతంగుల కాగితం పరిచి, బొగ్గుతో రుద్ది, అచ్చు తీసుకొచ్చేవారు. పేర్లు అక్కర్లేదు, ముందరి మాటలే. అట్లాంటివి కనీసం నలభై ఉండేవి. ఎక్కువ గోవా వాళ్ల రాళ్ల మీదివి, పోర్చుగీసు మాటలు. ఒకటి రెండు స్పెయిన్ వాళ్లవి, ఏ ఓడలో వచ్చి ఇక్కడ కన్నుమూశారో పాపం. ఆ చుట్ట పట్టుకుని నా దగ్గరికి వచ్చి, ఇదేంది, ఇదేంది అని అడిగేవారు. నాకు ఇంగ్లీషే అంతంత మాత్రం, పోర్చుగీసు ఎక్కడిది? మా బడిలో ఇంగ్లీషు చెప్పే గోవా ఆమె ఉండేది. పిల్లలు మిస్ అంటారు గనక మేమూ మిస్ అనేవాళ్లం. నాకు మంచి స్నేహితురాలు. ఒక ఆదివారం ఆమెను మా ఖోలికి పిలిచి, ఆయనను కూర్చోబెట్టి, చాయ్ పెట్టాను.

ఆయన ముడ్డి ఆనీ ఆనకుండా స్టూలు చివర కూర్చున్నారు. మిస్ ఒక్కో కాగితం తీసి చెప్తుంటే నేను తెలుగులో అందించాను. సెన్యోర్ అంటే అసలు అర్థం వయసులో పెద్దవాడు అని, అంతే. ఈ మాటకు ఆయన తెగ సంతోషపడ్డారు, అయితే మన పెద్దమనిషే గదా అని. ఫిదాల్గో అని ఒక పాతరాయి మీద ఉంది, స్పెయిన్‌లో ఇదాల్గో అంటారట. విడదీస్తే ‘ఏదో ఉన్నవాడి కొడుకు’ అని వస్తుంది, కులీనుడన్నమాట. ఏమీ లేనోని కొడుకును ఏమంటరు అని అడిగారు. మిస్ నా మొహం చూసింది. దానికి మాట లేదనుకుంటా అంది.

ఇంకొకటి చెప్పింది. స్పెయిన్‌లో గొప్పవాళ్లను ‘తమ దయ’ అని పిలిచేవారట, తమ దయ ఎప్పుడు వచ్చింది, తమ దయ భోంచేసిందా, అని. ఆ రెండు మాటలు జనం నోళ్లలో నాని నాని ఉస్తేద్ అని చిన్న మాటగా మిగిలింది. ఇప్పుడు బస్సులో పక్క సీటువాడినీ అదే అంటారు, మన మీరు లాగా. పోర్చుగీసులోనూ అట్లాంటిదే జరిగిందట. ఆయన చాలాసేపు చేతిలో ఉన్న కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. “మెట్టు రాయి తీరు అరిగిందన్నట్టు” అన్నారు. అందరికీ అందింది కదా, మంచిదేగా అన్నాను. కాగితాన్ని చుట్టలో దూర్చేశారు.

ఇక దోనా. ఈ మాట ఆయన అచ్చుల్లో అన్నిటికంటే ఎక్కువ. అమ్మగారు, ఇంటి యజమానురాలు అని అర్థం. మిస్ వాళ్ల అమ్మ రాయి మీద కూడా ఉంది, ఆ రాయి కొట్టింది ఈయనే. ఆ శ్మశానంలో చోటు చాలదు కాబట్టి పాతిన కొన్నేళ్లకు ఎముకలు తీసి, గోడలో వరసగా కట్టిన గూళ్లలో పెట్టి, మూతగా ఒక పాలరాయి బిగిస్తారు. మిస్ అమ్మ ఎముకలు అట్లా ఒక గూట్లో ఉన్నాయి. రాయి మీద పై సగంలో దోనా ఫలానా అని ఉంటుంది. కింది సగం ఖాళీగా ఉంచారు, ఆమె భర్త కోసం.

మిస్ నాన్న ఓడల్లో వంటవాడు. సముద్రం మీదే బతుకంతా గడిపాడు. రెండేళ్లకోసారి వచ్చి నెల రోజులు ఉండి మళ్లీ ఓడ ఎక్కేవాడు. ఆయన పోయి, పాతి, ఎముకలు తీసే వేళ అయినప్పుడు నేనే ఆ పేరూ తేదీలూ కాగితం మీద గీసి ఎదురింటాయనకు ఇచ్చాను. కాగితంలో పేరు మాత్రమే ఉంది. రాయి బిగించిన రోజు చూస్తే పేరు ముందర మూడు ఇంగ్లీషు అక్షరాలు ఎక్కువ ఉన్నాయి. దోం.

 ఆయనకు అది తప్పని తెలియదు. ఏదో పాత బిషప్పు రాయి మీద నుంచి తీసిన అచ్చు ఆయన చుట్టలో ఉంది. దోనా, దోం, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే మొగుడూ పెళ్లాల్లా కనబడ్డాయి. భార్య దోనా అయితే భర్త దోం కాకుండా ఎట్లా ఉంటాడు? ఎవరినీ అడగలేదు. నిలబడి కొట్టేశారు.

మిస్ ఆ రాయి ముందు నిలబడి మొదట నవ్వింది, తరవాత ఏడ్చింది. నాన్నను ఎవరూ ఎప్పుడూ అట్లా పిలవలేదని చెప్పి, ఆ మూడక్షరాల మీద వేలు పోనిచ్చింది. ఉండనీ అంది. ఆయన దూరంగా నిలబడి తువ్వాలు మడతపెట్టుకుంటున్నారు. ఆ రోజు ఆయన మొహం నాకు ఇంకా కళ్లకు కడుతుంది. ఏదో చాలా కాలంగా ఎవరికో చెప్పాల్సింది చెప్పేసి వచ్చినవాడిలా ఉన్నారు.

ఏడాది ఉంది ఆ దోం. తరవాత గోవా నుంచి మిస్ మేనమామ వచ్చాడు. చెల్లెలి పేరిట పూజ చేయించి, గూడు చూడ్డానికి వెళ్లాడు. వాళ్లది పెద్ద భూముల ఇల్లు. మిస్ నాన్న వాళ్ల తోటలో కొబ్బరికాయలు దింపే మనిషి కొడుకు. వాళ్లమ్మాయి అతనితో బొంబాయి వచ్చేసింది. ఆ కోపం మేనమామకు ముసలితనంలోనూ చల్లారలేదు. వెళ్లిపోయి ఉత్తరం రాశాడు. దోనా అనేది మర్యాద, ఏ ఇంటి ఇల్లాలినైనా అనొచ్చు. దోం అట్లా కాదు, అది రాజు ఇవ్వాలి, రాజు ఇచ్చినవాళ్ల వంశానికే ఉండాలి, లేదా బిషప్పుకుండాలి. రోడ్డు మీద ఏరుకునేది కాదు. నెల రోజుల్లో అది తీసేయకపోతే నా చెల్లెలి ఎముకలు మా ఊరి చర్చికి తెచ్చుకుంటాను. ఇదీ సారాంశం.

మిస్ ఆ ఉత్తరం పట్టుకుని బడి అయ్యాక నా క్లాసుకు వచ్చింది. పిల్లల బెంచీ మీద కూర్చుంది. మామయ్య అన్నంత పనీ చేస్తాడని ఆమెకు తెలుసు, చర్చిలో ఆయన మాట చెల్లుతుంది. “అమ్మా నాన్నా ఒకచోట కుదురుగా ఉన్నది ఆ గూట్లోనే. అమ్మను తీసుకుపోతే నాన్న మళ్లీ ఒక్కడే అయిపోతాడు” అంది. దోం పోతే పోనీ, అమ్మ ఉండాలి, ఆయనకు నువ్వే చెప్పు, అని నా చెయ్యి పట్టుకుంది.

చెప్పాను. వినలేదు. రెండోసారి చెప్పాను, ఉత్తరం చదివి వినిపించాను, రాజు సంగతి వివరించాను. స్పెయిన్‌లో అయితే దోన్ అనే మాట మొదట రాజులకే ఉన్నా, పోను పోను మంగలికీ వడ్రంగికీ కూడా ఇచ్చేశారని, పోర్చుగల్‌లో మాత్రం మగవాళ్ల విషయంలో గిరి గీసుకుని కూర్చున్నారని మిస్ చెప్పింది కూడా చెప్పాను. అట్లయితే ఆ దేశపు మనిషిని చేసి కొడితే అయిపోయేది అన్నారు. నవ్వలేదు. ఇచ్చింది వెనక్కి తీసుకోవడం తన వల్ల కాదన్నారు. రాజు ఇస్తేనే మర్యాదైతే తన అయ్యకు ఏ రాజు ఇస్తాడని అడిగారు. నెల దగ్గరపడుతోంది. మిస్ రోజూ నా మొహం చూస్తోంది, నాకు ఆమె మొహం చూడలేని పరిస్థితి వచ్చింది.

మూడోసారి మాటలు ఆ వరండాలోనే అయ్యాయి. మధ్యాహ్నం, చాల్ అంతా మేలుకునే ఉంది. ఆయన అదే మాట పట్టుకున్నారు, రాయి నేను కొట్టిన, మాట నేను ఇచ్చిన, అని. నాకు ఒళ్లు మండిపోయింది.

“మర్యాద ఇవ్వడానికి నువ్వెవరు? నువ్వేమన్నా రాజువా?” అన్నాను.

నల్లా దగ్గర బిందెల చప్పుడు ఆగిపోయింది. గల్లీలో పదిమంది పొద్దున్నించి రాత్రి దాకా అనే నువ్వే అది. కానీ నా నోట రాకూడదు. ఆయనకు తెలుసు, నాకు తెలుసు. నిటారుగా ఉండే మెడ వంగడం కళ్ల ముందు చూశాను. భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, మళ్లీ భుజం మీద వేసుకున్నారు.

“సరే టీచరమ్మా” అన్నారు.

మర్నాడు రాయి ఊడదీసి దుకాణానికి తెచ్చారు. చెక్కిన అక్షరాన్ని చెరపడమంటే పలక మీద బలపం తుడిచినట్టు కాదు. అక్షరం ఎంత లోతుంటే చుట్టూ అంత రాయీ అరగాలి. మూడు అక్షరాల మేరే అరగదీస్తే అక్కడ గుంట పడుతుంది, చూసినవాళ్లందరికీ అక్కడేదో ఉండేదని తెలిసిపోతుంది. అందుకని కింది సగమంతా, నీళ్లు పోస్తూ, గరుకురాయితో మూడు రోజులు రుద్దారు. తీసేటప్పుడు కూడా నిలబడే తీశారని దుకాణంలోవాళ్లు చెప్పారు. తరవాత పేరూ తేదీలూ మళ్లీ చెక్కారు. బిగించే రోజు నన్ను రావద్దన్నారు. మేస్త్రీలను కూడా పంపేసి, సిమెంటు తానే కలుపుకుని, ఒక్కరే బిగించి వచ్చారట.

ఆ తరవాత ఒక ఆదివారం మిస్‌తో వెళ్లి చూశాను. పని వంక పెట్టడానికి లేదు. కానీ భార్య పేరు పై అంతస్తులో, భర్త పేరు గోరంత లోతున కింద. వేలితో తడిమితే మెట్టు తగులుతుంది. మిస్ తడమలేదు. నేను తడిమాను. అమ్మ అక్కడే ఉంది, మేనమామ శాంతించాడు, అందరూ బాగానే ఉన్నారు. నాకే తల కొట్టేసినట్టు ఉంది.

అప్పటి నుంచి మొదలైంది అది. దుకాణానికి యంత్రం వచ్చింది, కంప్యూటరు అరగంటలో రాయి చెక్కి పడేస్తుంది. ఈయనకు చిన్నాచితకా పనులే మిగిలాయి, వరండాలోనే కూర్చుని చేసుకునేవారు. మూడు గంటలప్పుడు, ఉలి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయేది. తల పక్కకు వంచి వినేవారు. తరవాత ఉలి కింద పెట్టి, లేచి నిలబడేవారు. ఎదురుగా ఎవరో ఒక మాట చెప్పి ముగించేంత సేపు నిలబడి, తల ఊపి, కూర్చునేవారు. రోజూ కాదు. కానీ ఏ రోజు జరుగుతుందో తెలియక నేను రోజూ ఎదురుచూసేదాన్ని. సెలవు రోజుల్లో తలుపు ఓరగా వేసుకుని, వెనక నిలబడి చూసేదాన్ని. నా ఇంట్లో నేనే దొంగనైపోయాను.

గాలి సోకిందన్నారు గల్లీలోవాళ్లు. తాయెత్తు కట్టించమన్నారు. నేను ఒకసారి ధైర్యం చేసి ఎవరు పిలుస్తున్నారని అడిగాను. పెద్దమనుషులు పిలిస్తే లేవాలి కదా అన్నారు. ఆయనేనా, ఓడ వంటాయనేనా, అన్నాను. నా వంక చూసి ఉలి అందుకున్నారు. ఆ చూపులో కోపం ఉంటే నా ప్రాణం హాయిగా ఉండేది. నాకు అర్థమైంది ఒకటే. ఆ పోయినాయన వచ్చి, ఇచ్చింది ఎందుకు తీసుకున్నావని అడుగుతున్నాడు, ఈయన నా పేరు చెప్పకుండా నిలబడి పడుతున్నారు. నేను అనాల్సిన మాటలు ఈయన పడుతున్నారు. బడిలో నాలుగో క్లాసుకు పాఠం రాస్తుంటే కూడా మూడింటికి నా చెయ్యి బోర్డు మీద ఆగిపోయేది. వెనక పిల్లలు కాదు, ఇంకెవరో నిలబడినట్టుండేది. తిరిగి చూసేదాన్ని కాదు.

నేను మీరు అనడం మళ్లీ మొదలుపెట్టాను, మర్నాడే మొదలుపెట్టాను. ఆయన ఎప్పటిలాగే టీచరమ్మా అనేవారు, అడిగితే నీళ్లు పట్టిపెట్టేవారు, మా ఇంటి దీపం ఆరిపోతే చూసిపెట్టేవారు. తేడా అంటూ ఏమీ లేదు. మెడ మాత్రం నిటారు కాలేదు. ఒక హోళీకి పోలెలు, బొబ్బట్లే, చేసి తీసుకెళ్లి, పళ్లెం ఆయన ముందు పెట్టి, ఆ రోజు అట్లా అనకుండా ఉండాల్సింది అన్నాను. నా జీవితంలో నేను ఎవరికీ అంత కష్టపడి చెప్పిన మాట లేదు. పోలె తుంచి నోట్లో పెట్టుకున్నారు.

“మీరు తప్పనలే టీచరమ్మా. నేను రాజును గాదు” అన్నారు. నెయ్యి బాగుందన్నారు.

నాలుగు నెలల కిందట అన్నం తిని, గోడకు ఆనుకుని కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ధారావి నుంచి ఆయన అన్న కొడుకు వచ్చాడు. వాడికి మరాఠీ మాటే తప్ప రాత రాదు, ఫారం నింపమని నా చేతికిచ్చాడు. పేరు ముందర శ్రీ అని రాశాను.  మాలో కాల్చడమే కాబట్టి ఆయనకు రాయి లేదు. బతుకంతా రాళ్ల మీద పేర్లు కొట్టినాయన పేరు ఏ రాయి మీదా లేదు.

మొన్న మిస్ కూడా పోయింది. కిడ్నీలు చెడిపోయి చాలా రోజులు పడింది. తనను పాతవద్దని, దహనం చేసి ఆ బూడిదను అమ్మానాన్నల గూట్లోనే పెట్టమని రాసి పెట్టింది. మేనమామ ఎప్పుడో పోయాడు, ఆ ఇంటి వాళ్లెవరూ రాలేదు. పెళ్లి చేసుకోలేదు ఆమె. చర్చి నుంచి ఒక ఫాదరు వచ్చి ప్రార్థన చేసి తొందరగా వెళ్లిపోయాడు. బూడిద కుండ ఒళ్లో పెట్టుకుని నేను, రాయి ఊడదీయడానికి ఒక మేస్త్రీ, ఇద్దరమే మిగిలాం.

మేస్త్రీ చుట్టూ సిమెంటు గీకి, పలుగు మెల్లగా దూర్చి, రాయి లాగాడు. గూట్లోకి ఎండ పడింది. చిన్న పెట్టెలు రెండు, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. నేను వాటి పక్కన కుండ పెట్టి వెనక్కి తిరిగేసరికి అతను రాయిని బోర్లా తిప్పి గోడకు చేరేసి ఉంచాడు.

రాయి వెనక వైపు పేరుంది.

ఓడ వంటాయన పేరు, పూర్తిగా. ముందర దోం. ముందు వైపు అక్షరాల కంటే పెద్దవి, లోతైనవి. వాన తగలక, ఎండ తగలక, నిన్న కొట్టినట్టు అంచులు పదునుగా ఉన్నాయి. మూల అక్షరంలో పాత సిమెంటు కూరుకుని ఉంది, ముందు వైపు దోం ఉన్నప్పటి బిగింపుదో, అది తీసేశాక బిగించినప్పటిదో నేను మేస్త్రీని అడిగాను. అతను గోటితో గీకి చూసి, కింద ఇంకో పొర ఉంటే కదా మేడమ్, ఒకటే పొర, అక్షరం కొట్టాక బిగించింది ఒక్కసారే, అన్నాడు. అంటే నేను ఆ మాట అన్న వారంలోనే. ముందు నుంచి తీసిన చేత్తోనే వెనక కొట్టారు. నన్ను రావద్దని, మేస్త్రీలను పంపేసి, ఒక్కరే బిగించింది ఇందుకు.

అక్కడే కూర్చుండిపోయాను. ఆ పోయినాయన ఈయనను నిలదీయడానికి వస్తున్నాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. వాళ్లిద్దరి మధ్యా తేలాల్సింది ఏమీ లేదు. ఆ మాట చదువుకోవాల్సినవాడు చీకట్లో ఎదురుగా పెట్టుకుని రోజూ చదువుకుంటూనే ఉన్నాడు. తెలియనిది నాకొక్కదానికే. ఆ తరవాత కూడా ఎదురెదురు ఖోలీల్లో పదమూడేళ్లు ఉన్నాం. పోలె తుంచుకుంటూ ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. నేను ఆయన చేత రాయి తీయించానే గానీ, తీశాక ఏం చేశారని ఒక్కసారీ అడగలేదు. మరి ఆ మధ్యాహ్నాలు లేచి నిలబడింది ఎవరి కోసమో ఇప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరు.

మేస్త్రీ సిమెంటు కలిపి, రాయి ఎత్తి, ఇందులో ఏ వైపు బయటికి పెట్టాలి అని అడిగాడు. అమ్మ పేరు లోపలికి పోతుందని తెలిసీ, తిప్పి పెట్టించాలని ఎంత కోరికగా ఉందో చెప్పలేను. రోజూ ఎవరో ఒకరు ఆ దారిన పోతారు, చూస్తారు, నా తప్పు నలుగురిలో కడుక్కుపోతుంది. లేచి వెళ్లి ఆ మూడక్షరాల మీద చెయ్యి వేశాను. ఆయన చెయ్యి తరవాత వాటిని తాకింది నా చెయ్యే. అవి నాకోసం కొట్టినవి కావు.

“లోపలికే పెట్టండి” అన్నాను.